వేలిముద్ర వాపసు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఇంట్లో అందరూ గొడవ లేకుండా ఒప్పుకునే సంగతి ఇదొక్కటే. దానికి తోడు తెలుగు బాగా వచ్చనే పొగరు ఒకటి. కల్లూరులో ఏడో తరగతి చదివేటప్పుడు వ్యాసరచన పోటీలో మొదటి బహుమతిగా స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చారు. మధ్యాహ్నం అన్నం ఇప్పటికీ అందులోనే తెచ్చుకుంటాను. చదివింది ఫిజియోథెరపీ, చూసేది కాళ్ళూ నడుములూ. అయినా గోడ మీద ఎవరైనా ఒత్తు తప్పు రాస్తే ఆటో ఆపించి మరీ తిట్టుకుంటాను. ఆ కోపమూ ఆ పొగరూ కలిసి ఒక మనిషిని ప్రాణం నిలిపే మందులకు దూరం చేశాయి. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ మొదటి నుంచి చివరిదాకా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

కొన్నేళ్ళ కిందట నాకు ఒక పరిశోధన ప్రాజెక్టులో పని దొరికింది. హెచ్ఐవీతో బతుకుతున్నవాళ్ళ గురించి. మంచి మందులు వచ్చాక ఆ జబ్బుతో చనిపోవడం తగ్గింది, మనుషులు ఏళ్ళ తరబడి బతుకుతున్నారు. బతుకుతున్నారు సరే, ఎట్లా బతుకుతున్నారు? ఒకరికి అరికాళ్ళు మొద్దుబారిపోతాయి. ఒకరికి కండ తరిగి రెండు మెట్లు ఎక్కలేరు. ఇంకొకరికి మధ్యాహ్నానికే ఒంట్లో సత్తువ అయిపోతుంది. మందు ప్రాణాన్ని నిలబెడుతుంది గానీ మనిషిని లేపి చేనుకు నడిపించదు. ఆ మిగిలిన పని ఎట్లా చేయాలో తేల్చుకోవడానికి మూడు దేశాలవాళ్ళు కలిశారు. ఒకటి ఏడాదిలో సగం మంచు పడే దేశం, ఒకటి ఆఫ్రికాలో, మూడోది మనది. మన వంతుకు భద్రాచలం, దాని చుట్టూ ఉన్న అడవి మండలాలు వచ్చాయి.

భద్రాచలంలో మందులిచ్చే సెంటరుకు నాలుగడుగుల దూరంలో ఒక గది, ముందు పొడుగాటి వరండా కిరాయికి తీసుకున్నాం. నెలనెలా మందులకు వచ్చినవాళ్ళు అటు నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్ళు. కాళ్ళు చూసేదాన్ని నేను. ఊళ్ళు తిరిగి, మందులకు రానివాళ్ళను వెతికి పట్టుకొచ్చేది మా అక్క. సొంత అక్క కాదు. ముదిగొండ వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. భర్త పోయాక తనకూ అదే జబ్బని తెలిసి, అప్పటినుంచీ మందులు వేసుకుంటూ, తనలాంటివాళ్ళ కోసం తిరుగుతోంది. ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు సంచీలో గాజులు, రిబ్బన్లు పెట్టుకుని వెళ్ళేది. దవాఖానా మనిషి ఫలానా ఇంటికి వచ్చిందంటే ఆ ఇంటి గుట్టు రట్టయినట్టే. గాజులామె వచ్చిందంటే ఎవరూ ఏమీ అనుకోరు. నన్ను ‘మేడం’ అని పిలిచేది. ఆ మేడంలో మర్యాద ఎంతో ఎకసెక్కమూ అంతే.

వారానికోసారి ల్యాప్‌టాప్‌లో మూడు దేశాల మీటింగ్. మంచుదేశపు ప్రొఫెసరమ్మ నడిపేది. అరవై దాటిన మనిషి, గొంతు ఎప్పుడూ పెంచేది కాదు, మనం చెప్పేది చివరిదాకా వినేది. వాళ్ళు పంపిన ప్రశ్నల్లో ‘స్నానపు తొట్టిలోకి దిగడం మీకు ఎంత ఇబ్బంది?’ అని ఒకటి ఉండేది. ‘మావాళ్ళకు వాగులోకి దిగడం తెలుసు గానీ తొట్టిలోకి దిగడం తెలియదమ్మా’ అన్నాను. ఆమె పగలబడి నవ్వి, వాగనే రాయమంది. సామాన్ల సంచులు కారు దాకా మోయడం అన్న చోట, బోరింగు దగ్గర్నుంచి బిందె మోయడం అని రాశాను. ఇట్లా ఒక్కొక్క ప్రశ్ననూ దారికి తెస్తుంటే నాకు గర్వంగా ఉండేది. నేను లేకపోతే వీళ్ళ గతేంటి అనుకునేదాన్ని.

చివరికి కన్సెంట్ ఫారం వంతు వచ్చింది. పరిశోధనలో చేరేవాళ్ళు తెలిసి, ఒప్పుకుని, సంతకమో వేలిముద్రో వేసే కాగితం అది. అందులో పదే పదే వచ్చే మాట రీహాబిలిటేషన్, అంటే జబ్బుతో దెబ్బతిన్న ఒంటిని మళ్ళీ పనికి తెచ్చుకోవడం. నిఘంటువు తీసి చూస్తే ‘పునరావాసం’ అని ఉంది. నిండుగా, గంభీరంగా ఉంది మాట. నాకు తెగ నచ్చింది.

అక్క ఆ కాగితం తీసుకుని, అక్షరం కింద వేలు పెట్టుకుంటూ చదివింది. ఆమె చదువుకున్నది ఐదో తరగతి.

“పునరావాసం ఏంది మేడం? గీ మాట మనకు వద్దు” అంది.

“ఎందుకొద్దు?”

“ఎందుకంటే చెప్పరాదు నాకు. ఇనంగనే మంచిగనిపిస్తలేదు. కాళ్ళ కసరత్తు అని రాస్తే సరిపోదా?”

“కసరత్తంటే దండీలు, బస్కీలు అనుకుంటారు. ఇది దేశాల మధ్య జరిగే పని అక్కా. కాస్త పెద్ద మాట ఉండాలి.”

“మాట పెద్దదైతది, మనిషికి అందొద్దా మరి?”

“మాటల సంగతి నాకొదిలెయ్. నువ్వు మనుషుల సంగతి చూడు” అన్నాను. అవును, ఆ మాటే అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అక్క గాజుల సంచీ సర్దుకుంది.

ఇట్లాంటి ప్రాజెక్టుల్లో ఒక పద్ధతి ఉంటుంది. నేను తెలుగులోకి మార్చింది ఇంకొకరు చూసి మళ్ళీ ఇంగ్లీషులోకి మారుస్తారు. రెండూ ఒకటే అయితే అనువాదం సరైనదన్నట్టు. హైదరాబాదులో ఎవరో నా పునరావాసాన్ని చక్కగా రీహాబిలిటేషన్ చేసి పంపారు. ఒక్క ముక్క తేడా రాలేదు. మీటింగ్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పూట టిఫిన్ డబ్బాలో పప్పన్నం నాకు పాయసంలా అనిపించింది.

ఇక ఆమె సంగతి. పేర్లు పైకి అనకూడదన్నది మా గది నియమం గనక ఆమెను చర్లామె అనేవాళ్ళం. చర్ల దాటి, తారురోడ్డు అయిపోయాక ఇంకా లోపలికి వెళ్తే వచ్చే కోయ గూడెం ఆమెది. మొదటిసారి వచ్చినప్పుడు, కళ్ళు మూసుకోమని చెప్పి అరికాళ్ళకు దూది ఆనించాను.

“తాకుతుందా?”

“ఎప్పుడు తాకినవ్?” అంది కళ్ళు తెరిచి. “ముల్లు గుచ్చుకున్నా నాకు తెల్వదు మేడం. ఒక తీర్గ సుఖమే.”

ఏం చేయగలిగితే నీకు చాలు అని ప్రతి ఒక్కరినీ అడుగుతాం. ఆమె తడుముకోలేదు. గుట్ట ఎక్కాలె అంది. అడవిలో చదును చేసుకున్న పోడు భూమి గుట్ట మీద ఉంది, అక్కడ జొన్న, కంది వేస్తారు. కాలు ఎక్కడ పడుతోందో తెలియక రెండుసార్లు దొర్లి పడింది. భర్త లేడు. తనే ఎక్కాలి, తనే విత్తాలి. “కింద కూసోని ఏం జేయాలె నేను? ఎవల మొకం జూడాలె?” అంది.

అప్పటికి ప్రాజెక్టు ఇంకా మొదలు కాలేదు. అయినా నాకు చేతనైంది చెప్పాను. నేల మీద తువ్వాలు పరిచి కాలివేళ్ళతో దగ్గరికి లాక్కోవడం, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం, వరండాలో ఆరు నిమిషాలు అటూ ఇటూ నడవడం. “ఆర్నిమిషాలు నడువుమంటవు, ఏ ఊరికీ పోనియ్యవు” అని నవ్వేది. ఇంటి దగ్గర కూడా చేసేదట. మూడో నెలలో ఎడమ కాలి బొటనవేలి మీద దూది పెడితే చటుక్కున కాలు లాక్కుంది. “గిలి పెట్టకు!” అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిలి తెలిసిందంటే ఆ కాలు వెనక్కి వస్తున్నట్టే.

ఇప్పపూలు రాలే రోజుల్లో ప్రాజెక్టు మొదలైంది. కన్సెంట్ కోసం ముందుగా పిలిచినవాళ్ళలో చర్లామె ఒకతె. ఆ రోజు అక్క సెలవులో ఉంది. కాగితం నేనే పైకి చదివాను, వ్యాసరచన పోటీలో చదివినట్టు, స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా. ఆమె మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో చూడలేదు. అంతా అయ్యాక అడిగింది.

“నేనొక్కదాన్నేనా, అందర్నా?”

“నువ్వొక్కదానివే ఎందుకు, అందరూ. మీ మండలం మొత్తం ఇందులోనే ఉంది” అన్నాను సంతోషంగా.

“ఎప్పట్నుంచి?”

“వచ్చే నెల నుంచే.”

ఆమె చాలాసేపు తన కాళ్ళకేసి చూసుకుంది. తరువాత బొటనవేలు చాపింది. నేను ఇంకుప్యాడ్ మీద అద్ది, గీత దాటకుండా కాగితం మీద ఒత్తించాను. కింద ఒక గడి ఉంటుంది, విషయం అర్థమైందో లేదో రాయాలి. ‘శ్రద్ధగా విని, ప్రశ్నలు అడిగి, అర్థం చేసుకున్నారు’ అని ముచ్చటైన దస్తూరితో రాశాను.

తరువాతి నెల ఆమె రాలేదు. తునికాకు రోజులు దగ్గరికొచ్చాయి, ఆకు కోతలో ఉందేమో అనుకున్నాను. ఆ పై నెల కూడా రాలేదు. పక్కనున్న సెంటరులో కనుక్కుంటే మందులు కూడా తీసుకెళ్ళలేదన్నారు. ఈ మందులు ఆపితే జబ్బు ఊరికే కూర్చోదు, లోపల అణిగి ఉన్నదంతా మళ్ళీ లేస్తుంది. కాలు సంగతి తరువాత, ముందు మనిషే దక్కదు. ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు. అక్క గాజుల సంచీ భుజానికేసుకుని బస్సెక్కింది.

మర్నాడు తిరిగొచ్చి సంచీ కింద పడేసి కూర్చుంది.

“మనిషి బతికే ఉంది. సగం చిక్కింది. నన్ను జూడంగనే ఇంట్లకు పోయి తలుపేసుకుంది. తలుపు సందుల నుంచి మాట్లాడిన. ఊరు లేపుతున్నమంట గదా మేడం, మనం?”

“ఏం లేపుతున్నాం?”

“ఊరు. ఊరంతా ఖాళీ చేపిస్తున్నమంట. ఆమెతోని వేలు గూడ ఏపిచ్చుకున్నమంట.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఏం మనిషమ్మా! మూడు నెలలు కాళ్ళు పట్టుకుని చూశాను కదా, నేనా ఊరు ఖాళీ చేయించేది? ఎవడు చెప్పాడు ఆమెకు?” అని గది ఎగిరిపోయేట్టు అరిచాను.

అక్క కదల్లేదు. నేను అలిసిపోయేదాకా ఆగి, బీరువాలోంచి ఖాళీ ఫారం తీసి నా ముందు పెట్టింది. “ఎవలో జెప్పలే మేడం. నువ్వే జెప్పినవ్. సదువు, గట్టిగ. ఆమె చెవులతోని సదువు” అంది.

చర్లామె పుట్టిల్లు గోదావరి పక్కన, ప్రాజెక్టు నీళ్ళ కిందికి పోయే ఊళ్ళలో ఉంది. ఆ సంగతి నాకూ తెలుసు, మాటల్లో ఎప్పుడో చెప్పింది. ఆమె తమ్ముళ్ళను అడవికి దూరంగా, వరసగా కట్టిన ఇళ్ళలోకి పంపారు. దాని పేరు పునరావాస కాలనీ. మా జిల్లాలో పసిపిల్లకైనా ప్రాజెక్టంటే ఆనకట్ట, పునరావాసమంటే ఊరు పోవడం. నాకు తెలియదా? రోజూ పేపర్లో చదివే మాటే కదా. నా తెలుగు మీద నాకున్న మోజులో చెవులు పని చేయలేదంతే.

గట్టిగా చదివాను. ‘ఇది ప్రాజెక్టు పునరావాస కార్యక్రమం. ఇందులో చేరడానికి నేను ఇష్టపూర్వకంగా అంగీకరిస్తున్నాను. నేను ఎప్పుడైనా విడిచి వెళ్ళిపోవచ్చు. ఇందుకు నాకు ఎలాంటి నష్టపరిహారం ఇవ్వబడదు.’ ఒక్క వాక్యం తప్పు లేదు, ఒక్క ఒత్తు తప్పు లేదు. నేనొక్కదాన్నేనా అని ఆమె అడిగితే, మీ మండలం మొత్తం అన్నాను. ఎప్పట్నుంచి అంటే, వచ్చే నెల నుంచే అని నవ్వుతూ చెప్పాను. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని మా నాయనమ్మ ఊరికే అనేది కాదు.

“మరి వేలు ఎందుకేసింది?” అన్నాను.

“మనం గోలీలిచ్చేటోళ్ళ మనుషులమాయె. కాదంటే గోలీలు ఆపుతరేమో అనుకున్నదంట. ఇంటికి పోయినంక భయం పట్టుకుంది. ఊరందరి మీద తనే వేలు ఏసినట్లాయె గద. ఎవలతోనన్న చెప్పుకుందామంటే, భద్రాచలంల నీకేం పని, ఆళ్ళు నీకెట్ల ఎరుక అని అడుగుతరు. జబ్బు సంగతి బయటవడ్తది. ఇటు రాకుంటే ఊరు లేపే లిస్టులకెల్లి తన పేరు తీసేస్తరని మందులే బందు జేసింది.” అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. “నా వేలు నాకియ్యుమను, వస్త అంటున్నది.”

ఆ సాయంత్రమే ప్రొఫెసరమ్మకు వీడియో కాల్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. పునరావాసమంటే ఇక్కడ ఏమిటో కూడా చెప్పాను. ఆమె నియమం చెప్పింది. వేలిముద్ర ఉన్న అసలు కాగితం లాకరు దాటకూడదు, నకలు ఇవ్వవచ్చు. అసలు కాగితమే కావాలంటే పరిశోధన తీరును చూసే కమిటీలు ఒప్పుకోవాలి, నెలన్నర పడుతుంది.

“నకలిస్తే ఒప్పుకోదమ్మా. ముద్ర నీలం సిరాది, జిరాక్సులో నల్లగా వస్తుంది. ఆమెకు తెలియదా?”

“నీకు ఎప్పటికి కావాలి?”

“ఎల్లుండికి. చర్ల సంతకు ఆమె వస్తుంది.”

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. “అయితే నువ్వు ఇవ్వాల్సింది ఇవ్వు. ఎందుకిచ్చావో కమిటీకి ఉత్తరం రాయి. కింద నేనూ సంతకం పెడతాను” అంది. నేను మనుషులను అంత త్వరగా మెచ్చుకునే రకం కాదు. ఆ రోజు మెచ్చుకున్నాను.

నేను వెంట ఉంటే గుట్టు బయటపడుతుందని ఆమె ఇంటికి కాకుండా సంతకు వెళ్ళాం. కాగితాన్ని మడత పడకుండా ఫైల్లో పెట్టి, ఫైలును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దారిలో పోలీసు క్యాంపు దగ్గర బస్సాపి అందరినీ అడిగినట్టే మమ్మల్నీ ఎక్కడికని అడిగారు. అక్క సంచీ తెరిచి గాజులు చూపించింది. “ఈమె?” అన్నాడు జవాను నన్ను చూసి. “మా మరదలు. కోపమెక్కువ, మాట్లాడియ్యకున్రి” అంది అక్క. ఇంకో రోజైతే ఊరుకునేదాన్ని కాదు.

చింతపండు, చీపుర్లు ముందు పెట్టుకుని సంత చివర్లో కూర్చుని ఉంది చర్లామె. బుగ్గలు లోపలికి పోయాయి. నన్ను చూడగానే కర్ర పట్టుకుని లేచి అటు తిరిగి నడిచింది. నాలుగడుగులు వేశాక చూస్తే ఎడమ చెప్పు వెనకే ఉండిపోయింది. ఊడిపోయిన సంగతి ఆమెకు తెలియలేదు, ఎర్రటి ఎండలో కాలే నేల మీద వట్టి కాలు వేసుకుంటూ పోతోంది. మూడో నెలలో గిలి పుట్టిన కాలు అది. నేను ఆ చెప్పు తీసుకుని వెనకే వెళ్ళి, వంగి కాలి ముందు పెట్టాను.

ఆగింది. చెప్పు వైపు చూసింది, నా వైపు చూడలేదు. “నా వేలు నాకియ్యి మేడం” అంది.

చాయ్ హోటలు వెనక బల్ల మీద కూర్చున్నాం. నేను నోరు తెరిచాను. పునరావాసమంటే అది కాదు, అసలు అర్థమేమిటంటే, అని ఏదో మొదలుపెట్టాను. అక్క నా మోకాలు మీద చేయి వేసి నొక్కింది. ఆమె వైపు జరిగి మెల్లగా చెప్పింది.

“ఊరు లేపుడు కాదే చెల్లే. కాలు లేపుడు.”

“ఏందీ?”

“కాలు. నువ్వు గోడ పట్టుకోని లేపుతవు సూడు, గది. గంతే. గా కాగితంల ఉన్నది మొత్తం గదే. ఊర్లేదు, గుట్టలేదు.”

చర్లామె ఆమెను చూసింది, నన్ను చూసింది. నవ్వు వచ్చింది ముందు, ఆ వెంటనే ఏడుపు. కొంగు నోట్లో కుక్కుకుని రెండూ కలిపి చాలాసేపు చేసింది. తేరుకున్నాక నన్ను సూటిగా అడిగింది.

“కాలు లేపుడుకు గంత మాటెందుకు మేడం?”

తప్పు నాదేనమ్మా, క్షమించు అన్నాను. ఆ మాట అంతకు ముందు పేషెంటుతో ఎప్పుడూ అని ఎరగను. ఫైలు తెరిచి కాగితం ఆమె చేతిలో పెట్టాను. నీలం ముద్ర పక్కన తన బొటనవేలు ఆనించి, గీతలన్నీ పోల్చి చూసుకుంది. చింపేస్తుందనుకున్నాను. చింపలేదు. చిన్నగా మడిచి నడుముకున్న చిక్కం సంచీలో దోపుకుంది.

“గోలీలు ఆపి ఎన్ని రోజులైంది?”

“రెండు పున్నాలు పోయినయ్” అంది, దగ్గుతూ. ఆ దగ్గు నాకు నచ్చలేదు.

“సోమవారం రా. నేనే సెంటరుకు తీసుకెళ్తాను.”

“మల్ల కాగితం అడుగుతవా?”

“అడగను.”

“ఒట్టు?”

“ఒట్టు.”

సోమవారం వచ్చింది. మందులు మళ్ళీ మొదలయ్యాయి. దగ్గు క్షయగా తేలింది, దానికి ఆరు నెలలు వేరే మందులు. బతికింది. కానీ ఆ వానాకాలం ఆమె గుట్ట ఎక్కలేదు, పోడులో ఒక్క గింజ పడలేదు. ఊరు పోతుందని భయపడి దాక్కున్న మనిషికి ఆ ఏటి పంట నా వల్ల పోయింది. కుడి కాలు తరువాత బాగానే వచ్చింది. ఎడమ కాలికి గిలి మళ్ళీ రాలేదు. ఎన్నిసార్లు దూది పెట్టి చూశానో లెక్క లేదు.

ప్రాజెక్టు కాగితాల్లో ఆమె ‘తప్పుకున్నవారు’ అనే వరసలో ఉంది. ఎందుకు తప్పుకున్నారో గడిలో టిక్కు పెట్టాలి. ఊరు మారారు, ఆరోగ్యం బాగాలేదు, ఆసక్తి లేదు, మరణించారు, ఇతరములు. ఇతరములు అన్న చోట ‘అనువాదం తప్పు, అనువాదకురాలిని నేనే’ అని రాసి పంపాను. మీటింగ్‌లో ప్రొఫెసరమ్మ అది అందరికీ చదివి వినిపించింది. చెవులు కాలిపోయినట్టయింది గానీ తల దించుకోలేదు. ఆఫ్రికా నుంచి ఒకాయన మైకు తెరిచి, మా కాగితాలు కూడా ఒకసారి మా పేషెంట్ల ముందు పైకి చదివి చూస్తాం అన్నాడు. ఆ నెల మూడు దేశాల్లోనూ కొత్తవాళ్ళను చేర్చుకోవడం ఆపి, కాగితాలు చదివారు.

మేమూ చదివాం. ఈసారి నిఘంటువు ఇంట్లో పెట్టి వచ్చాను. వరండాలో చాప పరిచి, అక్కనూ పది మంది పేషెంట్లనూ కూర్చోబెట్టి, దీన్ని ఏమంటారో మీరే చెప్పండన్నాను. చర్లామె గోడకు ఆనుకుని కూర్చుని వింటోంది. కసరత్తని ఒకరు, నడక నేర్చుడని ఒకరు, కొట్లాడుకున్నారు. ఆమె ఉన్నట్టుండి, “జరమొచ్చి పోయినంక మనిషి ఏమైతది? తేరుకుంటది. గది తేరుకునుడు గాదా?” అంది. అందరూ ఒక్కసారిగా అవ్ అవ్ అన్నారు. కాగితం పైన ‘కాళ్ళూ చేతులూ తేరుకునే పని’ అని రాశాం. ఆనకట్టను గుర్తు చేసే ప్రాజెక్టు అన్న మాట ఎక్కడా లేదు. నష్టపరిహారం తీసేసి, ‘ఇందులో చేరినందుకు డబ్బులు రావు, ఎవరి ఇల్లూ భూమీ జోలికి ఎవరూ రారు’ అని రాశాం. ఇంగ్లీషు కాగితంలో లేని ఆ చివరి ముక్క తెలుగులో ఎందుకుందో హైదరాబాదు వాళ్ళకు అర్థం కాలేదట. ప్రొఫెసరమ్మే చెప్పింది.

రెండో విడత మొదలైన రోజు చర్లామె నెల మందులకు వచ్చింది. కొత్త కాగితం చదవమని తనే అడిగింది. ఒట్టు పెట్టాను గనక నేను అడగలేదు. అక్క పక్కన కూర్చుంది, నేను నిదానంగా, మాట్లాడుతున్నట్టు చదివాను. ఆమె కళ్ళు మూసుకుని, దూది పెట్టినప్పుడు ఎట్లా కూర్చునేదో అట్లా విన్నది. అయ్యాక తల ఊపింది.

“ఇప్పుడు సక్కగుంది. గిట్ల ముందుగాలే రాయకపోతివి” అంది.

నేను ఒట్టు మాట కూడా మరిచి, ఇంకుప్యాడ్ మూత తీసి ఆమె ముందుకు జరిపాను. ఆమె రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుంది. మొహంలో కోపం లేదు, పాత నవ్వే ఉంది.

“తెలుగు మంచిగుంది మేడం. వేలు మాత్రం నా దగ్గర్నే ఉండనియ్యి” అంది.

కర్ర పట్టుకుని లేచి, ఎవరూ చెప్పకుండానే వరండాలోకి వెళ్ళి నడవడం మొదలుపెట్టింది. ఎడమ చెప్పు ఊడకుండా మడమ చుట్టూ గుడ్డపేలిక కట్టుకుంది. నేను ఇంకుప్యాడ్ మూత పెట్టేశాను.